పలమనేరు టమోటా మండీ స్పీకర్లలో వచ్చిన చప్పుడు

కంప్యూటరు స్పీకర్లలో చప్పుడు వస్తోందని పిలిచేవాళ్లందరూ ఒకే మాట చెప్తారు: "స్పీకర్లు చెడిపోయినాయి." నా అనుభవంలో నిజంగా స్పీకరే చెడిపోయిన సందర్భాలు బహు తక్కువ. స్పీకరు తనకు చేరినదాన్ని పెద్దది చేసి బయటపెడుతుంది. చేరకూడనిది చేరితే దాన్నీ అదే శ్రద్ధతో వినిపిస్తుంది. ఎక్కడో, ఏదో, రాకూడని దారిన లోపలికి వస్తోంది. ఆ దారి వెతకడమే ఈ వృత్తి. ఈమధ్యనే పని మానుకున్నాను. కొత్తగా ఇందులోకి వస్తున్నవారికి ఉపయోగపడతాయని కొన్ని మాటలు రాస్తున్నాను. పరికరాలు మారిపోయాయి కనుక పరికరాల గురించి తక్కువే చెప్తాను.

ఎప్పుడు?

తిరుపతిలో చదువుకున్న రోజుల్లో నేను కాలేజీ చర్చా పోటీలకు వెళ్లేదాన్ని. అక్కడ చీటీ తీస్తే అనుకూలమో ప్రతికూలమో వస్తుంది. వచ్చిన పక్షాన నిలబడి వాదించాలి. నేను నమ్మని పక్షం వస్తే వేదిక దిగి వచ్చేసేదాన్ని. అందుచేత నాకు కప్పులకన్నా చీవాట్లు ఎక్కువ దక్కాయి. కానీ ఆ శిక్షణ నుంచి ఒక పనికొచ్చే అలవాటు మిగిలింది. ఎదుటివారు ఏమన్నా సరే, ముందు "ఎప్పుడు?" అని అడగడం.

తొంభైల చివర్లో చిత్తూరులో మునిరత్నం గారి కంప్యూటర్ సర్వీసు షాపులో చేరాను. మిగతావాళ్లు కస్టమరును "ఎట్లాంటి చప్పుడు?" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్నకు జవాబుగా గుయ్యిమనేది, గరగరలాడేది, చిటపటలాడేది అని వంద పేర్లు వస్తాయి, వాటితో ఏ దారీ దొరకదు. "ఎప్పుడు వస్తుంది?" అని అడిగితే సగం పని అక్కడే అయిపోతుంది. ఫ్యాను తిరిగేటప్పుడే వస్తే ఫ్యాను రెగ్యులేటరును చూడాలి. మౌసు కదిపినప్పుడే వస్తే కంప్యూటరు డబ్బా లోపలి తీగలను చూడాలి. నాబు తిప్పినప్పుడే వస్తే దుమ్ము. ఎల్లవేళలా ఒకటే హోరు వస్తూ, డబ్బా మీద చెయ్యి పెడితే తగ్గితే ఎర్తు లేదని అర్థం. కరువు ఏళ్లలో మా జిల్లాలో ఈ రకం చాలా చూశాను. ఎర్తు గుంటలో నీళ్లు పొయ్యమంటే, ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టుకున్న ఇల్లాళ్లు నన్ను చూసి నవ్వేవాళ్లు.

మునిరత్నం గారి గురించి న్యాయంగా చెప్పాలి. చేతిపనిలో ఆయనంతటివారిని నేను మళ్లీ చూడలేదు. మధ్యాహ్నం భోజనానికి ఎవర్నీ ఖాళీ కడుపుతో ఉండనిచ్చేవారు కాదు. ఆడపిల్లను రిపేరీలకు పంపుతున్నాడని బజారంతా నవ్వితే, "ఆ పిల్ల వైరు పట్టుకుంటే కరెంటుకే భయం, మీకేమప్పా?" అని ఎదురు తిరిగేవారు. అయితే ఆయనకు ఒక సూత్రం ఉండేది: కస్టమరు అడిగింది చెయ్యాలి, ఎందుకని అడగకూడదు. నా సూత్రం దానికి సరిగ్గా వ్యతిరేకం. చాలాకాలం ఈ రెండు సూత్రాలూ ఒకే షాపులో తగవు లేకుండా బతికాయి. పలమనేరు మండీ దగ్గర అవి ఎదురుపడ్డాయి.

మండీ గదిలో

సెల్‌ఫోనులో వచ్చే కాల్సుకు డబ్బు కట్టనక్కర్లేని కాలం అప్పుడే మొదలైంది. చేతిలో సెల్లున్నవాళ్లు ఇంకా కొద్దిమందే. పలమనేరులో చెంగల్రాయప్ప అనే ఆయనకు పెద్ద టమోటా మండీ ఉండేది. రైతులు తెల్లవారుజామునే కాయలు తెచ్చి ఆవరణలో దించితే, మద్రాసు మార్కెట్టు నుంచి రేటు తెలిశాక వేలం మొదలయ్యేది. ఆఫీసు గదిలో కంప్యూటరు, పక్కన ఆంప్లిఫయరు, దానికి రెండు పెద్ద స్పీకరు పెట్టెలు. ఒకటి గదిలో, ఇంకొకటి కిటికీలోంచి ఆవరణ వైపు. పొద్దున భక్తిపాటలు, తర్వాత మైకులో, వేలానికి కుప్పలుగా పెట్టిన కాయల లాట్ల పిలుపులు. ఆ పాటల మధ్యలో, పిలుపుల మధ్యలో వికారమైన చప్పుడు వస్తోందని కబురు వచ్చింది. నేను బస్సెక్కి వెళ్లాను.

చెంగల్రాయప్ప నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"మునిరత్నం ఆడబిడ్డను పంపించినాడా? ఏమ్మా, రిపేరీకొచ్చినావా, పెండ్లిచూపులకొచ్చినావా?"

"మీ స్పీకర్లు నాకు నచ్చితే ఆలోచిస్తాను," అన్నాను.

గదిలో గుమాస్తా ఒక్కడే నవ్వాడు. అతని పేరు దామోదరం. నా వయసువాడే. కంప్యూటరు ముందు కూర్చుని మద్రాసు రేట్లు ఎక్కించడం, లాట్లు పిలవడం అతని పని.

"చప్పుడు ఎప్పుడొస్తుంది?" అని అడిగాను.

"ఎప్పుడంటే ఏం చెప్పేదమ్మా? వచ్చినప్పుడొస్తాది," అన్నాడు యజమాని.

మర్నాడు పొద్దున్నే వచ్చి వింటానని చెప్పి, ఆ రాత్రికి ఊళ్లో మా మేనత్త ఇంట్లో ఉన్నాను. పొద్దున వెళ్లేసరికి పాట నడుస్తోంది. టేబులు మీది ఫోను మోగింది. మద్రాసు. చెంగల్రాయప్ప విని, రిసీవరు పెట్టేసి, రేటు దామోదరానికి మెల్లగా చెప్పాడు. కొద్దిసేపటికి పాట మధ్యలో "టక్ టక్ టక్, డర్ర్ర్" అని స్పీకర్లు రెండూ వణికాయి. తర్వాత మళ్లీ పాట ఒక్కటే.

ఈ చప్పుడు నాకు తెలుసు. సెల్‌ఫోను మాట కలిపే ముందు గాలిలోకి వదిలే తరంగాన్ని, పైన లోహపు కప్పు లేని పాత వైరు అందుకుంటే వచ్చే చప్పుడు అది. ఆ సెల్లు రెండు మూడు మూరల దూరంలోనే ఉండాలి. చెంగల్రాయప్ప సెల్లు ఆపేసి చార్జింగుకు పెట్టి ఉంది. నా దగ్గర సెల్లు లేదు. దామోదరం కుడిచెయ్యి కీబోర్డు మీద ఉంది. ఎడమచెయ్యి టేబులు కింద ఉంది.

అతను నన్ను చూశాడు. నేను చూశానని అతనికి తెలిసింది.

"ఏమ్మా, దొరికినాదా?" అన్నాడు యజమాని.

అబద్ధం చెప్పకూడదన్నది నా నియమం. చెప్పనూ లేదు. "వైరు పాతది. చుట్టూ రాగితీగల అల్లిక ఉండే షీల్డు వైరు వెయ్యాలి. నా దగ్గర లేదు. రేపు తెచ్చి వేస్తే ఈ చప్పుడు ఉండదు," అన్నాను. ప్రతి మాటా నిజమే. స్పీకరు ఎందుకు పట్టుకుంటోందో చెప్పడం నా పని. అది ఎవరిని పట్టుకుంటోందో చెప్పడం నా పని కాదు. ఈ తేడా గురించి అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఇప్పటికీ దాన్ని వదులుకోలేదు.

బస్టాండు దగ్గర

నేను బస్సు కోసం నిలబడి ఉంటే దామోదరం వచ్చాడు. టీ ఇప్పించాడు.

"చెప్పలేదే మీరు," అన్నాడు.

"ఏం చేస్తున్నారో ముందు మీరు చెప్పండి."

చెప్పాడు. వేలంలో కొనే లారీవాళ్లలో ముక్కాలుపాలు చెంగల్రాయప్ప మనుషులే. మద్రాసులో రేటు ఎగిరిన రోజు కూడా రైతుకు పడిపోయిందనే చెప్తారు. టమోటా ఎండ ముదిరేలోగా అమ్ముడుపోకపోతే మెత్తబడుతుంది. వెనక్కి తీసుకుపోయే బండి ఖర్చు కూడా రాదు. అందుకని ఏ రేటుకైనా ఇచ్చేస్తారు. ఆవరణలో గంగులప్ప అనే రైతు దగ్గర ఒక పాత సెల్లుంది. రేటు ఎక్కిందని తెలిస్తే దామోదరం టేబులు కిందినుంచి అతనికి ఒక్క మిస్డ్ కాల్ ఇస్తాడు. పడిపోతే రెండు. ఒక్కసారి మోగితే రైతులంతా మొదటి వేలం పాటకు తల ఊపకుండా బిగబట్టుకుంటారు.

నేను వాదానికి దిగాను. "ఆయన జీతం తీసుకుంటూ ఆయన రహస్యం బయట పెట్టడం న్యాయమేనా?"

"రేటు ఆయన కనిపెట్టినాడా మేడం? మద్రాసులో అంతమంది ముందర అరిసి చెప్పే రేటది. కొండెక్కి ఈడికొచ్చేసరికి రహస్యం ఎట్లయితాది?"

ప్రశ్న ఆపడం నాకు చేతకాదు. "పట్టుబడితే?"

"పని పోతాది. ఈ సుట్టుపక్కల మండీలోళ్లంతా ఒగరికొగరు సుట్టాలే. పుంగనూరు పోయినా, మదనపల్లె పోయినా యాడా గడప తొక్కనీరు. నాకొచ్చేది ఈ పనొగటే." టీ గ్లాసు కింద పెట్టి, "మా నాయన బతికినన్నాళ్లూ ఈ మండీలోనే కాయలు పోసినాడు. ఒగనాడన్నా రేటు తెలిసి పొయ్యలేదు," అన్నాడు.

"రేపు షీల్డు వైరు వేసేస్తాను. ఇక చప్పుడు రాదు," అన్నాను.

"మీకు పుణ్యముంటాది," అని అతను నవ్వాడు. "అయినా ఆ పాటలు గూడా వినపడకుండా చేసినారంటే ఇంగా పుణ్యం."

చప్పుడు పెంచమన్న రోజు

మర్నాడు పొద్దున వైరు చుట్టతో వెళ్లేసరికి మునిరత్నం గారు నాకంటే ముందే అక్కడ ఉన్నారు. చెంగల్రాయప్ప ఆయనకు ఫోను చేసి పిలిపించాడు. దామోదరం బయట ఆవరణలో లాట్లకు నంబర్లు వేస్తున్నాడు. గది తలుపు మూసి ఉంది.

"ఆ వైరు సంచీలోనే పెట్టుకో పాపా," అన్నాడు చెంగల్రాయప్ప. బెంగుళూరు లారీ ఓనరు ఒకడు నిన్న సాయంత్రం ఆ గదిలో కూర్చుని, ఇది సెల్లు చప్పుడని, తన కారు టేపులో కూడా ఇట్లాగే వస్తుందని చెప్పాడట. "నా సెల్లు ఆపేసి ఉండాది. మరి యెవుడిదీ? యెవుడిదో నాకు తెలవకపోలేదు."

"తెలిస్తే అడగండి," అన్నాను.

"జోబు తడిమితే సెల్లు దొరుకుతాది. నంబరు చెరిపేసుంటాడు. ఫోను యాడికి పోతాదో దొరకదు గదా?" ఆయన కోపంగా లేడు. లెక్క కట్టినట్టు మాట్లాడాడు. "మునిరత్నం, చప్పుడు తియ్యొద్దు. ఇంగా జాస్తి చెయ్యి. బయట పెట్టెలో గట్టిగా మోగాల. మోగిన వెంటనే ఆడుండే నా మనుషులు యెవుడి సెల్లు కూసిందో పట్టుకుంటారు."

మునిరత్నం గారు మారుమాట లేకుండా సాల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"సార్, మనం చప్పుడు తీసేవాళ్లం."

"గమ్మనుండుమే. మనం కస్టమరు అడిగింది చేసేవాళ్లం."

"అడిగింది రిపేరీ కాదు సార్. వల."

"వల నేసినోడిది తప్పా, ఏసినోడిది తప్పా?"

"ఏ చేపకో చెప్పి నేయించుకుంటే ఇద్దరిదీ."

"నీ కాలేజీ మాటలు చిత్తూరులో చెప్పుకుందువు. అప్పా చెంగల్రాయప్పా, ఈ పిల్ల మాటలు పట్టించుకోవాకు."

నేను చెయ్యనన్నాను. ఆయనే చేశారు. కప్పు లేని తీగ ముక్క ఒకటి తీసి, ఆంప్లిఫయరులోకి వైరు వెళ్లే చోట అంటించి, టేబులు అంచు వెంబడి ఏరియల్ లాగా పరిచారు. నాబు చివరిదాకా తిప్పారు. పనిమాత్రం ఎప్పటిలాగే చక్కగా ఉంది.

నేను నీళ్ల నెపంతో బయటికి వెళ్లాను. దామోదరానికి రెండు ముక్కల్లో చెప్పాను. అతని చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "సరే మేడం. ఈరోజు ముట్టుకోను," అన్నాడు. గంగులప్పకు కూడా చెప్పమన్నాను. కానీ గంగులప్ప పక్కన అప్పటికే చెంగల్రాయప్ప హమాలీలు ఇద్దరు నిలబడి ఉన్నారు. నన్నూ లోపలికి పిలిచారు.

తర్వాత జరిగింది చాలా చిన్నది. ఫోను మోగింది. చెంగల్రాయప్ప ఎత్తాడు. "ఊ. ఊ. యేందీ? అంతా?" అన్నాడు. నిన్న మెల్లగా చెప్పిన మనిషి ఈరోజు దామోదరానికి గట్టిగా చెప్పాడు. ముందురోజు రేటుకు రెట్టింపు దాటిన రేటు. నెల్లూరు వైపు వానలకు పంట పోయిందట. ఆ నెలంతా పలమనేరు రైతులు కాయలు రోడ్డు పక్కన పారబోసి పోతున్నారు. కిటికీలోంచి ఆవరణ మొత్తం కనపడుతుంది. లారీవాళ్లలో ఒకడు అప్పుడే వేలం పాట మొదలుపెట్టాడు, నిన్నటి రేటుకంటే తక్కువకు.

దామోదరం రేటు కంప్యూటరులో ఎక్కించాడు. తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను అతని ఎడమచేతిని చూస్తూ ఉన్నాను. అది టేబులు మీదే ఉంది. కిటికీ అవతల ఎవరో తల ఊపబోతున్నారు. చెయ్యి కిందికి పోయింది.

స్పీకర్లు రెండూ ఒక్కసారిగా అరిచాయి. ఆవరణలో ఎడ్లు బెదిరాయి. నేను చెంగల్రాయప్ప వైపు తిరిగాను. ఆయన రిసీవరు ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు. బొటనవేలు మాత్రం ఫోను మీద, మాట తెగ్గొట్టే బొత్తాన్ని నొక్కి పట్టుకుని ఉంది. ఎంతసేపటి నుంచో నాకు తెలియదు. ఆ తర్వాత వాకబు చేస్తే ఆరోజు మద్రాసు రేటు ముందురోజు రేటే అని తెలిసింది. నెల్లూరులో వాన లేదు.

తీర్పు

జరిగింది చెప్పేముందు నా తీర్పు చెప్తాను. చెప్పాక ఏ తీర్పూ నిలబడదు.

మునిరత్నం గారు చెడ్డవారు కారు. చెడ్డవాళ్లు అరుదు, వాళ్లకోసం జాగ్రత్తపడితే సరిపోదు. "అడిగింది చేశాను" అనే మాట చాటున చేతిపని తెలిసినవాడు ఎంత దూరమైనా పోగలడు. మీ దగ్గరికి వచ్చే పనిలో చప్పుడు ఎప్పుడొస్తుందో అడగండి. పోతే ఎవరికి మేలో, ఉంటే ఎవరికి కీడో కూడా అడగండి. చెయ్యకూడదనిపిస్తే చెయ్యనని చెప్పండి. నేను చెప్పాను. దానివల్ల ఆగింది ఏమీ లేదు. ఆగుతుందనే ఆశతో అయితే చెప్పకండి. చెప్పాలి కనుక చెప్పండి. నేను ఆ వారమే షాపు మానేసి తిరుపతిలో వేరే షాపు పెట్టుకున్నాను. దామోదరానికి నా దగ్గరికి రమ్మని మూడు చోట్ల కబురు పెట్టాను. సత్యవేడు దాటి తమిళనాడు వైపు ఏదో పనికి వెళ్లాడని ఒకరన్నారు. నిజమో కాదో తెలియదు.

ఆవరణలో

గంగులప్ప చొక్కా జేబులో సెల్లు ఒక్కసారి మోగింది. హమాలీలు అతని మణికట్టు పట్టుకున్నారు. దామోదరాన్ని ఈడ్చుకురాలేదు, తనే నడిచి వచ్చాడు. ఎండ అప్పటికే కాయల మీదికి వచ్చింది. రైతులు వలయంగా నిలబడ్డారు. వాళ్లలో ఆ ఒక్క మోతను నమ్ముకుని బతికినవాళ్లే ఎక్కువ.

"ఈడు నీకు యేమైతాడురా?" అని చెంగల్రాయప్ప గంగులప్పను అడిగాడు.

గంగులప్ప తన లాటు వైపు చూశాడు. "ఏమీ కాడు సామీ. ఈయప్ప యెవురో నాకు తెలవదు. రాంగ్ నంబరేమో."

"తెలవదు గదా? అయితే ఒగటి కొట్టు. మండీ సొమ్ము తిని మండీకి కన్నమేసినోడు. నీకు తెలవనోడే గదా?"

నేను ముందుకు వచ్చి మాట్లాడాను. ఈ మండీలో వేలం పేరుతో జరిగేది మోసమని, ఈ మనిషి మోసం చెయ్యలేదని, మీకు దక్కాల్సిన నిజాన్ని మీకు ఇచ్చాడని చెప్పాను. కాలేజీలో ఎప్పుడూ మాట్లాడనంత బాగా మాట్లాడాను. అంత శ్రద్ధగా నన్ను విన్న సభ నా జీవితంలో మరొకటి లేదు. ఒక్కరూ దగ్గలేదు. ఒక్కరూ కదలలేదు.

నేను ఆపాక చెంగల్రాయప్ప, "అయిపోయినాదా తల్లీ?" అన్నాడు. తర్వాత రైతుల వైపు తిరిగి, "లారీలను వెళ్లిపొమ్మందునా?" అన్నాడు.

గంగులప్ప చెయ్యి లేచి మధ్యలోనే ఆగింది. దామోదరం అతనికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గించి అన్నాడు, నేను పక్కనే ఉన్నాను కనుక విన్నాను:

"కొట్టప్పా. నీ కాయలు మెత్తబడతాండాయి."

గంగులప్ప కొట్టాడు. పెద్ద దెబ్బేమీ కాదు. దామోదరం చెంప తుడుచుకోకుండా, ఎవరి వైపూ చూడకుండా గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లిపోయాడు.

లోపల మునిరత్నం గారు తాను అంటించిన తీగ ముక్కను తీసేసి, నేను తెచ్చిన షీల్డు వైరును కలిపారు. భక్తిపాట మళ్లీ మొదలైంది. మచ్చ లేకుండా, స్వచ్ఛంగా వినిపించింది. "ఇప్పుడు బాగుండాది," అన్నాడు చెంగల్రాయప్ప. గుమాస్తా లేడు కనుక మైకు తనే తీసుకుని మొదటి లాటు పిలిచాడు. గంగులప్పదే. లారీ మనిషి ఒకడు రేటు చెప్పబోయాడు.

అతను నోరు తెరిచేలోపలే గంగులప్ప రెండు చేతులూ జోడించాడు.

"ఎంతకైనా ఎత్తుకోండి సామీ."